నల్లబల్లా, నల్ల చదరాలూ

వీడియో కాన్ఫరెన్సుకు తెలుగులో ఒక మంచి మాట దొరుకుతుందేమోనని చాలాకాలంగా వెతుకుతున్నాను. ‘దృశ్యశ్రవణ సమావేశం’ అంటే పలకడానికే సగం సమయం సరిపోతుంది. ‘దూరసమావేశం’ ప్రభుత్వ ఉత్తర్వులాగా వినిపిస్తుంది. నాకు నచ్చినది ‘దూరగోష్ఠి’. అయితే గోష్ఠి అన్న మాటకు మూలం గోష్ఠం, అంటే ఆవులు చేరే చోటు. నలుగురూ ఒకచోట చేరడమే ఆ మాటకు ప్రాణం. ఎవరి కొట్టంలో వారు కట్టుబడి ఉండి జరుపుకొనేదానిని గోష్ఠి అనవచ్చునా అన్న సందేహం నాకు ఉండనే ఉంది. ఇంతకంటె మంచి మాట ఎవరికైనా తోస్తే చెప్పండి, సంతోషంగా పుచ్చుకుంటాను. అందాకా ఇదే వాడుతాను.

ఈ మాట మీద ఇంత ఆలోచన ఎందుకంటే, ఒక కాగితం పదిరోజులుగా నా బల్లమీద కూర్చుని ఉంది. నేను ఎం.ఏ. తెలుగు విద్యార్థులకు శాసనపఠనం చెబుతాను. ఇది ఐచ్ఛిక పాఠ్యాంశం. ఏడాదికి ఏడెనిమిది మంది, మహా అయితే పదకొండు మంది తీసుకుంటారు. మరో రెండు విశ్వవిద్యాలయాలలో ఇదే పాఠం చెప్పేవారు పదవీవిరమణ చేశారు. వారి స్థానాలు భర్తీ కాలేదు. కనుక వచ్చే సెమిస్టరు నుండి మూడుచోట్ల విద్యార్థులకూ కలిపి తెరమీద నేనే పాఠం చెప్పాలని ప్రతిపాదన. దానిమీద అభిప్రాయం రాసి ఇమ్మన్నారు. ఒక పేజీ మించరాదట. ఆ పేజీలో ఇమడనిదంతా ఇక్కడ రాసుకుంటున్నాను.

దూరాన ఉన్నవారికి తెరమీద చదువు చెప్పాలన్న కోరిక 2020లో కరోనాతోపాటు పుట్టిందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. 1964 న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనలోనే ఏటీ అండ్ టీ సంస్థ ‘పిక్చర్‌ఫోన్’ అనే బొమ్మల టెలిఫోనును జనానికి చూపించింది. మన దేశంలో 1975 ఆగస్టు నుండి ఏడాదిపాటు ఏటీఎస్-6 అనే అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాలలోని సుమారు 2400 గ్రామాలకు టీవీ పాఠాలు ప్రసారం చేశారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1982లో హైదరాబాదులో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. 1984లో యూజీసీ దూరదర్శన్ మీద ‘దేశవ్యాప్త తరగతిగది’ని ప్రారంభించింది. 2004 సెప్టెంబరు 20న చదువుకోసమే తయారుచేసిన ఎడ్యుశాట్ ఉపగ్రహం మన శ్రీహరికోట నుండే నింగికెగిసింది. 2010 వరకు పనిచేసింది.

2009 ఫిబ్రవరిలో తిరుపతిలో జాతీయ సమాచార సాంకేతిక విద్యా మిషన్‌ను ప్రారంభించినప్పటి ముచ్చట అప్పటి పత్రికలు చదివినవారికి గుర్తుండే ఉంటుంది. పది డాలర్ల లాప్‌టాప్ అని దేశమంతా మారుమోగింది. తీరా ఆవిష్కరించినది చూస్తే అది లాప్‌టాప్ కాదు, సమాచారం దాచుకునే ఒక చిన్న పెట్టె. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ అదే మిషన్ కింద అమృత విశ్వవిద్యాపీఠం వారు ‘ఎ-వ్యూ’ అనే దూరగోష్ఠి పనిముట్టును తయారుచేశారు. బొంబాయి ఐఐటీ ఆచార్యులు దానిని వాడి దేశమంతటా ఉన్న ఇంజనీరింగు కళాశాలల అధ్యాపకులకు ఒకేసారి శిక్షణతరగతులు నడిపారు. ఒక కేంద్రంలోని అధ్యాపకుడు చెయ్యెత్తితే అతని ముఖం మిగిలిన కేంద్రాలన్నింటిలో కనిపించేది. నవ్వులపాలైన పెట్టె గుర్తున్నంతగా పనికివచ్చిన ఈ పనిముట్టు ఎవరికీ గుర్తులేదు.

ఈ చరిత్రంతా ఎందుకు తవ్వానంటే, అందులో ఒక మలుపు ఉంది. మొదటి ప్రయత్నాలన్నీ ఒకవైపు ప్రవాహాలు. గురువు మాట్లాడతాడు, శిష్యుడు వింటాడు. శిష్యుడికి సందేహం వస్తే ఉత్తరం రాయాలి. రెండోవైపు నుండి మాట రావడం మొదలైనప్పుడే అసలు చిక్కులు మొదలయ్యాయి. భూస్థిర కక్ష్యలోని ఉపగ్రహం సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మాట పైకి వెళ్ళి కిందికి రావాలంటే 72,000 కిలోమీటర్లు. వెలుతురు వేగంతో పోయినా దాదాపు పావు సెకను. అడిగిన ప్రశ్నకు జవాబు తిరిగిరావాలంటే అర సెకను. అర సెకను ఏపాటి అనిపిస్తుంది. కానీ మనుషులు మాట్లాడుకునేటప్పుడు ఒకరి మాట ముగిశాక రెండోవారు అందుకోవడానికి పట్టే వ్యవధి సగటున సెకనులో అయిదోవంతు మాత్రమే. 2009లో పది భాషల సంభాషణలను కొలిచి ఈ సంగతి ప్రకటించారు. (ఆ పదింటిలో ద్రావిడ భాష ఒక్కటీ లేదు. ఒకరి మాట పూర్తికాకుండానే మరొకరు అందుకునే మన తెలుగిళ్ళలో కొలిస్తే ఆ లెక్క సున్నాకంటె తక్కువ వస్తుందేమోనని నా అనుమానం.) అలవాటైన ఆ వ్యవధికంటె జవాబు ఆలస్యమైతే అవతలివాడు తటపటాయిస్తున్నాడనో, వినడం లేదనో మన మనస్సు తీర్మానించుకుంటుంది. లోపం దారిది, నింద మనిషికి.

నేటి దూరగోష్ఠులు ఉపగ్రహం మీద కాక సముద్రగర్భంలోని గాజుతీగల మీద నడుస్తున్నాయి. గాజులో వెలుతురు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాదు నుండి అమెరికాకు ఎంత సూటిగా పోయినా సెకనులో పద్నాలుగో వంతు పడుతుంది. దానిమీద మాటను పొట్లాలు కట్టడం, విప్పడం, ఆలస్యంగా వచ్చిన పొట్లం కోసం కాస్త ఆగడం. ఇవన్నీ కలిసి మళ్ళీ మన అయిదోవంతు సెకనును మింగేస్తాయి. పనిముట్టు ఎంత మెరుగైనా దూరం దూరమే.

పాశ్చాత్య విశ్వవిద్యాలయాలవారు ఈ పనిలోకి చాలా ముందుగా దిగారు. 1992లోనే కార్నెల్‌లో ‘సీయూ-సీమీ’ అనే పనిముట్టు తయారైంది. మామూలు బల్లమీది కంప్యూటరులో బొమ్మ కదిలేటట్లు చేసిన తొలి ప్రయత్నాలలో అది ఒకటి. ఈనాడు చాలామంది వాడే జిట్సీ 2003లో స్ట్రాస్‌బుర్గ్ విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థి చేపట్టిన పనిగా మొదలైంది. బిగ్‌బ్లూబటన్ 2007లో కెనడాలోని కార్ల్టన్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. ఈ రెండూ మూలాలు దాచకుండా అందరికీ ఇచ్చినవి. జూమ్ పేరు తెలిసినంతగా వీటి పేర్లు జనానికి తెలియకపోవడం నాకు కష్టంగానే ఉంటుంది. ఉచితంగా వాడుకునే గుంపులను నలభై నిమిషాలకు బయటికి పంపే పనిముట్టు మీద యాభై నిమిషాల పాఠాన్ని పెట్టుకుని, చివరి పది నిమిషాలకు అందరినీ మళ్ళీ లోపలికి పిలిచే అధ్యాపకుని అవస్థ అనుభవించినవారికే ఎరుక.

నా పాఠానికి అన్నింటికంటె దగ్గరి ఉదాహరణ మరొకటి ఉంది. 2012 ప్రాంతం నుండి కొలంబియా, కార్నెల్, యేల్ విశ్వవిద్యాలయాలు మూడూ కలిసి, తక్కువమంది నేర్చుకునే భాషలను దూరగోష్ఠి గదుల ద్వారా పంచుకుంటున్నాయి. ఒకచోట గురువు ఉంటాడు. మిగిలిన రెండుచోట్ల విద్యార్థులు తమ విశ్వవిద్యాలయంలోని గదిలోనే కూర్చుని నేర్చుకుంటారు. ముగ్గురో నలుగురో ఉన్న తరగతిని ఏ ఒక్క విశ్వవిద్యాలయమూ పోషించలేకపోయినా మూడూ కలిస్తే పోషించగలవు. మా ప్రతిపాదన రాసినవారు దీనినే ఆదర్శంగా చూపించారు. అయితే అక్కడ విద్యార్థులు గదిలో కూర్చుంటారన్న మాట మాత్రం మా కాగితంలో లేదు. అది చిన్న తేడా కాదు.

ఎందుకు కాదో 2020-21లో చూశాను. మార్చిలో దేశం మూతపడేనాటికి నా తరగతిలో పదకొండు మంది. వసతిగృహం ఖాళీచేసి ఎవరి ఊరికి వారు వెళ్ళిపోయారు. అప్పటికి రెండేళ్ళ కిందటి జాతీయ నమూనా సర్వే లెక్క ప్రకారం మన దేశంలో అంతర్జాల సౌకర్యం ఉన్న ఇళ్ళు నూటికి ఇరవైనాలుగు. పల్లెల్లో పదిహేను. కంప్యూటరు ఉన్న ఇళ్ళు పల్లెల్లో నూటికి అయిదుకూడా లేవు. నా పదకొండుమందిలో కంప్యూటరు ఉన్నవాడు ఒక్కడు. మిగిలినవారివన్నీ చేతిఫోన్లు. అందులో రెండు ఇంట్లో నలుగురికీ కలిపి ఉన్నవి.

ఒక లెక్క వేసి చూడండి. బొమ్మతో సహా సెకనుకు ఒక మెగాబిట్టు చొప్పున దిగుతుందనుకుంటే గంట పాఠానికి 450 మెగాబైట్లు. రోజుకు అయిదు పాఠాలంటే రెండుంపావు జీబీ. అప్పట్లో చాలామంది వాడే పథకంలో రోజుకు వచ్చేది ఒకటిన్నర జీబీ. అంటే మూడోపాఠం దాటి కాసేపటికి విద్యార్థి తెరమీద నుండి జారిపోవలసిందే. మధ్యాహ్నం పాఠానికి హాజరు తగ్గుతోందని మా సమావేశాలలో విద్యార్థుల శ్రద్ధ గురించి పెద్ద చర్చ జరిగింది. శ్రద్ధ కాదు, జీబీ. అదే వట్టి మాట మాత్రమే పంపితే, సెకనుకు 64 కిలోబిట్ల చొప్పున గంటకు ముప్ఫై మెగాబైట్లు మించదు. పదిహేనోవంతు! ఈ లెక్క తెలిసిన మరునాటి నుండి నా తరగతిలో అందరి కెమెరాలూ ఆపించాను. నా కెమెరా కూడా ఆపాను. శాసనం బొమ్మలను ముందురాత్రే వాట్సాప్‌లో పంపి, పాఠం వేళకు గొంతు మాత్రమే పంపేవాణ్ణి.

అప్పుడు నా ఎదుట మిగిలినవి పదకొండు నల్ల చదరాలు. ఒక్కొక్కదానిలో ఒక అక్షరం. ముప్ఫై ఏళ్ళు నల్లబల్లకు వీపుచూపించి పిల్లల ముఖాలు చూస్తూ పాఠం చెప్పినవాడికి ఇప్పుడు ముఖాల చోట నల్లబల్లలు వచ్చాయి.

కెమెరా తప్పనిసరి చేయాలని వాదించిన సహాధ్యాపకులు ఉన్నారు. వారి బాధ నాకు తెలుసు. గోడకు పాఠం చెప్పినట్లుంటుంది. అయినా నేను ఒప్పుకోలేదు. డబ్బు ఒక్కటే కారణం కాదు. వసతిగృహంలో ఉన్నంతకాలం ఎవరి ఇల్లు ఎలాంటిదో ఎవరికీ తెలియదు, అందరూ ఒకే భోజనశాలలో తినేవారే. కెమెరా తెరిస్తే వెనుక గోడ కనిపిస్తుంది. రేకుల కప్పు కనిపిస్తుంది. ఒక్క గదిలో అటూ ఇటూ తిరిగే అయిదుగురు కనిపిస్తారు. విశ్వవిద్యాలయం కష్టపడి మూసిపెట్టిన తలుపును తెరిచే హక్కు నాకు లేదనిపించింది. తెర చూడటంలోని అలసట గురించి స్టాన్‌ఫర్డ్‌కు చెందిన జెరెమీ బైలెన్సన్ 2021లో ఒక వ్యాసం రాశారు. దగ్గరగా వచ్చి కళ్ళలోకి చూసే అన్ని ముఖాలు, ఎప్పుడూ ఎదురుగా కనబడే తన ముఖం, కదలకుండా కూర్చోవడం, సైగలు ప్రయత్నపూర్వకంగా చేయవలసి రావడం, ఈ నాలుగూ కారణాలన్నారు. బాగానే ఉంది. అయితే తమ ఇల్లు నలుగురికీ కనబడుతుందన్న బెరుకు వల్ల కలిగే అలసట ఆ పట్టికలో లేదు.

మౌనం సంగతి చెప్పాలి. ప్రశ్న వేసి అధ్యాపకుడు ఎంతసేపు ఆగుతాడని మేరీ బడ్ రో అనే విదుషి 1970లలో అమెరికా బడులలో కొలిచింది. సగటున ఒక్క సెకను. దానిని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడుగయ్యాయి, ఎన్నడూ మాట్లాడనివారు నోరువిప్పారు. ఇప్పుడు దూరగోష్ఠిలో చూడండి. నా ప్రశ్న చేరడానికి కొంత, ఆలోచించడానికి కొంత, ఫోను తెరమీద గొంతు తెరిచే మీట వెతుక్కోవడానికి కొంత, ఆ జవాబు నాదాకా రావడానికి కొంత. అయిదారు సెకన్లకు ముందు ఏ జవాబూ రాలేదు. కనుక నేను మనస్సులో పది దాకా లెక్కపెట్టడం అలవాటు చేసుకున్నాను. మొదట్లో ఆ పది అంకెలు పది యోజనాలు. కానీ గదిలో మూడేళ్ళుగా నోరెత్తని ఒక అబ్బాయి ఆ పదిలోపల జవాబు చెప్పడం మొదలుపెట్టాడు. గదిలో వాడి వంతు వచ్చేసరికి ముందు బెంచీవాళ్ళు అందేసుకునేవారు. తెరిచినా బడులలో ఆ పది లెక్కపెట్టడం నేను మానలేదు.

పోగొట్టుకున్నవాటిలో ఒకటి కలిసి చదవడం. అద్దంకి శాసనంలోని తరువోజ పద్యాన్ని నేను ఎప్పుడూ విద్యార్థులందరిచేతా గొంతు కలిపి చదివిస్తాను. తొమ్మిదో శతాబ్ది నడుమ చెక్కిన ఆ పద్యం నడక చెవికి అందితే తప్ప చెరిగిన అక్షరాన్ని ఊహించడం రాదు. ఛందస్సే అక్కడ మన భూతద్దం. దూరగోష్ఠిలో పదకొండు గొంతులు పదకొండు వేళలకు వచ్చి చేరతాయి. పైగా ఈ పనిముట్లు ఒక్క గొంతును ఎంచుకుని మిగిలినవాటిని రణగొణధ్వనిగా భావించి అణచివేస్తాయి. ఒకసారి ప్రయత్నించాం. ఒక్కొక్క గొంతూ రెండు గణాలపాటు తేలి మునిగిపోయింది. మళ్ళీ ఆ ప్రయత్నం చేయలేదు.

లాభాలు లేవా అంటే ఉన్నాయి, అవి చిన్నవి కావు. గదిలో శాసనపు ఎస్టాంపేజీని బల్లమీద పరిస్తే పదకొండుమందిలో ఇద్దరికి మాత్రమే అది నిలువుగా కనబడుతుంది. మిగిలినవారికి తలకిందులుగానో, పక్కవాటుగానో. తెరమీద అందరికీ ఒకే నిలువు. ఒక అక్షరాన్ని అరచేయంత పెద్దది చేసి దానిమీద ఎవరికివారు తమ గీత గీయవచ్చు. ఒకరిది ఎరుపు, ఒకరిది పచ్చ. ఇది ‘వ’ అన్నవాడు ఒక రకంగా గీస్తాడు, ‘ప’ అన్నవాడు మరోరకంగా గీస్తాడు. గీతలు ఒకదానిపై ఒకటి పడినచోట తేలిపోతుంది. వాదం మాటలతోకాక గీతలతో జరగడం ఈ విద్యకు కొత్తది, మంచిది.

యూనికోడు మిత్రులకు నచ్చే సంగతి ఒకటి. పాత తెలుగులో ‘ఴ’ అనే అక్షరం ఉండేది. రేనాటి శాసనాలలో చోఴ అని రాసినదే తరువాత చోడ అయింది. అరవంలో ఏఴు, మనకు ఏడు. ఈ అక్షరం యూనికోడులోకి 2014లో వచ్చింది. మరుసటి ఏడాది ‘ౚ’ వచ్చింది. నకారపొల్లు 2021లో వచ్చింది. అంతకుముందు విద్యార్థులు రాతలో ఈ అక్షరం చోట ‘ళ’ వేసి పక్కన చుక్కపెట్టేవారు. దూరగోష్ఠి పక్కనుండే రాతపెట్టెలో మొదటిసారి ఒక అమ్మాయి ‘ఴ’ అని కొట్టింది. సగంమంది ఫోన్లలో అది చతురస్రంగా కనబడింది. ఖతి ఎక్కడ దొరుకుతుంది, ఎలా దించుకోవాలి అని ఆ పూటంతా అదే పాఠం. శాసనపాఠం చెప్పేవాడిగా నాకు అంతకంటె సంతోషకరమైన పూట మరొకటి లేదు. పన్నెండువందల ఏళ్ళ కిందటి అక్షరంకోసం పదకొండుమంది తెలుగు పిల్లలు ఖతులు వెతికారు.

ఆ ఴకారం కొట్టిన అమ్మాయిది నల్లమల అంచున ఒక ఊరు. ఇంట్లో సంకేతం అందదు, గుడి ముందున్న అరుగుమీద కూర్చుని పాఠం వినేది. ఆ గుడి ప్రాకారంలోనే ఒక శాసనం ఉంది. దాని నకలులో ఒక అక్షరం పక్కన ఒక గుంట. అది సున్నయా, లేక రాయి పెచ్చు ఊడిపోయిన గుంటయా అన్నది ప్రశ్న. సున్న అయితే ఊరిపేరు ఒకటి, కాకపోతే మరొకటి. నకలు మీద రెండూ ఒకే తెల్లచుక్క. మేము గీతలు గీసి, పెద్దవి చేసి రెండు తరగతులు వాదించుకున్నాం. మూడోనాడు చీకటిపడ్డాక తను ఫోను పట్టుకుని రాయి దగ్గరికి వెళ్ళింది. తమ్ముడి చేత టార్చిలైటును రాతికి ఆనించినట్లు పక్కవాటుగా పట్టించింది. ఏటవాలు వెలుగులో అక్షరాలన్నీ నీడలు పోసుకుని పైకి లేచాయి. బొమ్మ నిలకడగా లేదు, గళ్ళుగళ్ళుగా విరిగిపోతోంది. అప్పుడు తను అంది: “సార్, వేలు పెట్టి చూస్తున్నాను. అంచు తగలడం లేదు. వేలు జారిపోతోంది.”

ఉలితో తొలిచిన సున్నకు అంచు ఉంటుంది, అడుగు ఉంటుంది. పెచ్చు ఊడినచోట వేలు జారుతుంది. వాదం తీరిపోయింది. తెరముందు ఉన్న పదిమందిమీ నకలును ఎంత పెద్దదిచేసి చూసినా తేలనిది ఒక వేలితో తేలింది. అయితే ఆ రాత్రి ఆ వేలు చెప్పినది పదిచోట్ల ఉన్న మేమందరం విన్నాం. మామూలు రోజులలో అయితే ఆ అమ్మాయి వసతిగృహంలో ఉండేది, ఆ రాయి ఊళ్ళో ఉండేది. ఈ రెండింటిలో ఏది గొప్ప అని తూచడం నావల్ల కాదు.

(రాతిమీద వెలుగును తెరమీదే అటూ ఇటూ జరపగలిగే ఛాయాచిత్రణ పద్ధతి ఒకటి ఉంది. 2001లో హ్యూలెట్-పాకార్డ్ ప్రయోగశాలలో టామ్ మాల్జ్‌బెండర్ బృందం దానికి దారి వేసింది. మంచి పద్ధతే. వేలు మాత్రం అందులో లేదు.)

ఆ ఏడే యూజీసీ పీహెచ్.డీ. మౌఖికపరీక్షలను దూరగోష్ఠి ద్వారా జరపవచ్చునని అనుమతించింది. నా పర్యవేక్షణలోని ఒక పరిశోధకురాలి మౌఖికపరీక్ష అలాగే జరిగింది. పరీక్షకుడు ఒకరు మైసూరులో, ఒకరు చెన్నైలో. మౌఖికపరీక్ష బహిరంగమైనదని నియమాలలో ఎప్పుడూ ఉన్నదే. ఎవరైనా వచ్చి వినవచ్చు. ఎవరూ రారు. తల్లిదండ్రులు అసలే రారు. నాలుగువందల కిలోమీటర్లు బస్సెక్కి వచ్చి, ఏసీ గదిలో వెనుక కుర్చీలో ఒదిగి కూర్చునే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? ఆ పూట మాత్రం ఆమె తల్లి పక్కనే కూర్చున్నదట. గంటన్నరసేపు కదలలేదట. మాకు తెలియదు, కెమెరా కూతురి ముఖం వరకే. పట్టా సిఫారసు చేస్తున్నట్లు చెప్పాక ఒక కొత్త గొంతు వినిపించింది: “సారూ, మా పాప సరింగ చెప్పిందా?” మైసూరులోని ఆచార్యులకు తెలుగు రాదు. ఏమన్నారని నన్నడిగారు. చెప్పాను. ఆయన కన్నడంలో, నెమ్మదిగా, ఆవిడకు అర్థమయ్యేటట్లు, చాలా బాగా చెప్పిందని జవాబిచ్చారు. ఆవిడకు అర్థమైంది.

ఇక పరిశోధన విషయంలో దూరగోష్ఠి లేనిదే నాకు రోజు గడవదు. పరదేశంలో ఉన్న ఒక మిత్రునితో కలిసి శనివారం ఉదయాన ఒక గంట శాసనాలు చదవడం పదిహేనేళ్ళుగా సాగుతోంది. ఆయనకు శుక్రవారం రాత్రి. మేమిద్దరం ముఖాముఖి కలుసుకున్నది రెండేసార్లు. పాఠం చెప్పడానికి పనికిరాని నిశ్శబ్దం ఇద్దరు కలిసి చదవడానికి బాగా పనికివస్తుంది. ఒక్కొక్కసారి పది నిమిషాలపాటు ఇద్దరమూ మాట్లాడం. తెరమీద ఒకే రాయి, అంతే. మొదలుపెట్టినది స్కైపులో. 2003లో పుట్టిన ఆ స్కైపు 2025 మే 5న మూతబడింది. ఏ పనిముట్టూ మన శాసనాలంతకాలం ఉండదు కనుక తీర్మానించుకున్న పాఠాలన్నీ మొదటినుండీ నోటుపుస్తకంలోనే రాసుకుంటూ వచ్చాం. అవి పదకొండు పుస్తకాలయ్యాయి.

ఇంతకీ నా అభిప్రాయం. 2021లో యూజీసీ నియమాలు మార్చి, ఒక సెమిస్టరులో నూటికి నలభైపాళ్ళ పాఠాలను స్వయం వేదిక మీది ఆన్‌లైను కోర్సులద్వారా పూర్తిచేయవచ్చునని అంది. మంచి ఉద్దేశంతోనే అని ఉండవచ్చు. కానీ ఖాళీ కుర్చీని తెరతో కప్పడానికి ఇలాంటి వెసులుబాట్లు ఎంత అనువుగా ఉంటాయో ముప్ఫై ఏళ్ళు ఉద్యోగంచేసినవాడికి వేరే చెప్పనక్కరలేదు. మూడుచోట్ల ఒక్కడు పాఠం చెప్పగలడని తేలితే మిగిలిన రెండు స్థానాలూ ఇక ఎన్నటికీ భర్తీకావు. నేను విరమణ చేసిననాడు మూడోదీ పోతుంది. అలాగని ఒప్పుకోనంటే? ఆ రెండుచోట్ల ఈ ఏడాది చేరిన ఆరుగురికి పాఠమే ఉండదు. వారి కాలం మళ్ళీ రాదు. స్థానాల కోసం చేసే పోరాటానికి పిల్లల సంవత్సరాన్ని పందెంగా ఒడ్డడం నాకు చేతకాలేదు.

ఒప్పుకుంటున్నానని రాశాను. ఒప్పుకోలుతోపాటు మూడు షరతులు. విద్యార్థులు ఇంటినుండి కాక తమ విశ్వవిద్యాలయంలోని ఒక గదిలో, పెద్ద తెరముందు కలిసి కూర్చోవాలి. ఆ గదిలో మనిషిగా ఒక పరిశోధక విద్యార్థి ఉండాలి, అతనికి జీతం ఇవ్వాలి, రెండేళ్ళలో ఆ పాఠం అతనే చెప్పేటట్లు తయారుకావాలి. సెమిస్టరుకు ఒకసారి అందరమూ కలిసి ఒక రాయి దగ్గరికి పోవాలి. కలమళ్ళ అయితే బాగుంటుందని కూడా సూచించాను. తెలుగులో మనకు దొరికిన తొలి శాసనం చూడని శాసనవిద్యార్థి ఉండకూడదు. బస్సు ఖర్చు ఎంతవుతుందో లెక్కకట్టి వెనుక జతచేశాను. రెండో షరతు దగ్గర కాగితం ఆగిపోతుందని ఒక మిత్రుడు అన్నాడు. ఆగవచ్చు. అది లేకుండా మొదలుపెట్టనని కింద మరో వాక్యం చేర్చాను. పేజీ నిండిపోయింది.

జవాబు ఇంకా రాలేదు. ఈలోగా రెండు విశ్వవిద్యాలయాలకూ రెండు గొట్టాలలో చుట్టచుట్టి ఎస్టాంపేజీలు పోస్టులో పంపాను. తడి కాగితాన్ని రాతిమీద బ్రష్షుతో కొట్టి, సిరా అద్ది తీసిన అసలు నకళ్ళు. తెరమీద చూసేముందు వాటిని ఒకసారి బల్లమీద పరిచి చూడాలని నా కోరిక. నిన్న ఒకచోటి నుండి చేరినట్లు ఫోను వచ్చింది. విప్పేటప్పుడు కిటికీ వెలుగు పక్కనుండి పడేటట్లు పెట్టమనీ, చేతులకు నల్లసిరా అంటుతుంది, తెల్లచొక్కాలు వేసుకుని రావద్దనీ చెప్పాను.